ఆకాశం లేని చిత్రంలో భయం: కల్పిత రణరంగ పటాల వెనకున్న భౌతికశాస్త్రం

చీకటి పడుతున్న వేళ ఒక పాడుబడ్డ లోయ. ఆకులు రాలిన మోడులు, మోకాలి లోతు బురద, నేలను అంటిపెట్టుకున్న పొగమంచు. దీన్ని సినిమాలో చూపించడం పెద్ద కష్టం కాదు. కెమెరాను కిందికి దించి, మబ్బు పట్టిన ఆకాశాన్ని వెనక నిలబెడితే సగం పని అయిపోతుంది. కానీ అదే లోయను నేరుగా పై నుంచి, గద్ద చూసినట్టు గీయాలంటే? అప్పుడు ఆకాశం ఉండదు, దిగంతం ఉండదు, చెట్టు ఎత్తు కూడా కనిపించదు. మోడు ఒక చుక్క అయిపోతుంది, గుట్ట ఒక మచ్చ అయిపోతుంది. బల్లమీద ఆడే కల్పిత సాహస క్రీడల కోసం యుద్ధపటాలు గీసేవారి ముందున్న చిక్కు ఇదే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు గేమ్ మాస్టర్. కథను నడిపేది, శత్రువుల తరఫున ఆడేది, నిబంధనలు చూసేది ఆ వ్యక్తే. మిగిలినవారు తలొక పాత్ర ధరిస్తారు. ఏ పని ఫలిస్తుందో, ఏది బెడిసికొడుతుందో పాచికలు తేలుస్తాయి. కథలో పోరాటం వచ్చినప్పుడు బల్లమీద గళ్ల పటం పరుస్తారు. ఒక అంగుళం గడి 5 అడుగుల నేలకు సమానం. అంటే 60 అంగుళాల నేల ఒక అంగుళంలోకి వస్తుంది, పటం స్కేలు 1:60. పాత్రల బొమ్మలు ఆ గళ్లమీద కదులుతాయి.

ఈ పటాలు గీయడం మొదలుపెట్టినవారు భయం పుట్టించాలనుకున్నప్పుడు చేసే మొదటి పని నలుపు గుమ్మరించడం. నేల నలుపు, చెట్లు నలుపు, నీళ్లు నలుపు. ఫలితంగా పటం భయంకరంగా ఉండదు, అర్థం కాకుండా ఉంటుంది. ఎక్కడ నడవచ్చో ఎక్కడ నడవకూడదో తెలియక ఆటగాళ్లు బొమ్మలను మధ్యలో నిలబెట్టి పాచికలు వేస్తూ కూర్చుంటారు. పై నుంచి చూసే పటంలో భయం రంగు వల్ల రాదు. పాత్రకు ఎంత దూరం కనిపిస్తుంది, ఎంత దూరం కదలగలదు అనే రెండు కొలతల వల్ల వస్తుంది. రెండూ భౌతికశాస్త్రం లెక్కకట్టగలిగినవే.

ప్రష్యా బల్లల నుంచి గళ్ల పటం దాకా

యుద్ధాన్ని బల్లమీద ఆడటం కొత్తది కాదు. 1812లో ప్రష్యాకు చెందిన రైస్విట్జ్ అనే ఆయన తమ రాజుకు ఒక యుద్ధక్రీడను సమర్పించాడు. నదులు, రోడ్లు, గుట్టలు చెక్కిన చదరపు పలకలను కావలసినట్టు పేర్చి రణరంగాన్ని తయారుచేసుకోవచ్చు. ఆయన కుమారుడు 1824లో దాన్ని మార్చి, పలకల బదులు 1:8000 స్కేలులో గీసిన నిజమైన భౌగోళిక పటాలు వాడాడు. పాచికలు, మధ్యవర్తి కూడా ఆ ఆటలో ఉన్నారు. నేటి గేమ్ మాస్టర్‌కు ఆ మధ్యవర్తిని ముత్తాతగా చెప్పుకోవచ్చు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రచురించేనాటికి సైన్యాల స్థానంలోకి ఒక్కొక్క మనిషి వచ్చాడు. పటం స్కేలు కిలోమీటర్ల నుంచి అడుగులకు దిగింది. స్కేలు దిగగానే కొత్త ప్రశ్నలు పుట్టాయి. ఒక సైన్యానికి చెట్టు లెక్కలోకి రాదు. ఒంటరి విలుకాడికి చెట్టే కోట.

గడి చెప్పే చిన్న అబద్ధం

చదరపు గళ్లలో ఒక లోపం ఉంది. పక్క గడికి కదిలితే 5 అడుగులు. మూలగా కదిలితే పైథాగరస్ లెక్క ప్రకారం 5ను 2 వర్గమూలంతో గుణించాలి, అంటే 7.07 అడుగులు. అయితే ఆట ఐదవ ఎడిషన్‌లోని మామూలు నిబంధన మూలకు కూడా 5 అడుగులే లెక్కగడుతుంది. ఒక దఫాలో 30 అడుగులు నడవగల పాత్ర మూలగా ఆరు గళ్లు వెళితే నిజానికి 42 అడుగులకు పైగా వెళ్లినట్టే. ఈ రకం దూరానికి గణితంలో రష్యన్ శాస్త్రవేత్త చెబిషెవ్ పేరు ఉంది. చదరంగంలో రాజు నడక దీనికి ఉదాహరణ. ఈ లెక్కలో వృత్తం గీస్తే చదరం వస్తుంది.

దీనికి ఒక సవరణ ఉంది. మొదటి మూల కదలికకు 5 అడుగులు, రెండోదానికి 10, మళ్లీ 5, మళ్లీ 10 అని లెక్కపెట్టడం. అప్పుడు 30 అడుగులకు నాలుగు మూల గళ్లు వస్తాయి. అసలు దూరం 28.3 అడుగులు, తేడా బాగా తగ్గింది. ఇంకొందరు తేనెపట్టు లాంటి షడ్భుజులు వాడతారు. వాటిలో ఆరుగురు పొరుగువారూ సమాన దూరంలో ఉంటారు. అక్కడా రెండు దిశల నడుమ వంకరగా పోవాల్సివస్తే 1.73 గళ్ల దూరానికి రెండు గళ్లు నడవాలి. తప్పు 41 శాతం నుంచి 15 శాతం దగ్గరికి దిగుతుంది గానీ మాయం కాదు.

ఇంటి లోపలి పటాలకు ఇది పెద్ద పట్టింపు కాదు. గోడలు ఎలాగూ చదరంగానే ఉంటాయి. ఆరుబయట మాత్రం పట్టించుకోవాలి. బురదగుంటను, నీటి ఒడ్డును గళ్ల గీతల వెంబడే గీస్తే ప్రకృతి కాస్తా పొలం గట్టులా కనిపిస్తుంది. గీతలకు అడ్డంగా గీస్తే సగం గడిలో నీరు, సగం గడిలో నేల పడి వాదనలు మొదలవుతాయి. అనుభవమున్నవారు ఒడ్డును వంకరగానే గీసి, ఏ గడి నీటిలో లెక్కకు వస్తుందో అక్కడ మాత్రం నీటి రంగును గడి మధ్యబిందువు దాటిస్తారు. చూసేవారికి సహజంగా ఉంటుంది, ఆడేవారికి సందేహం ఉండదు.

ఈ చెట్లను చంపింది ఏది?

మోడులు లేని భయానక పటం అరుదు. చాలా పటాల్లో అవి కోడి గింజలు చల్లినట్టు సమంగా పరుచుకుని ఉంటాయి. చేత్తో చుక్కలు పెట్టేటప్పుడు మనిషి తెలియకుండానే ప్రతి రెండు చుక్కల మధ్యా ఎడం చూసుకుంటాడు. నిజంగా యాదృచ్ఛికంగా పడిన చుక్కలు అలా ఉండవు. ఒకచోట గుంపు కడతాయి, ఇంకోచోట ఖాళీ వదులుతాయి. పోరాటానికి అవసరమైనవి ఆ గుంపులు, ఆ ఖాళీలే. గుంపు దాక్కోవడానికి, ఖాళీ పరుగెత్తి దాటడానికి.

అయితే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ చెట్లు ఎందుకు చచ్చాయి? ప్రతి కారణమూ నేలమీద వేరే ముద్ర వేస్తుంది. నీరు నిలిచి చచ్చిన చెట్లు పల్లంలో ఉంటాయి, వాటి అంచు సమోన్నత రేఖను అనుసరిస్తుంది. ఉప్పునీరు చొరబడి చచ్చిన అడవి తీరానికి సమాంతరంగా పట్టీలా ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో ఇలాంటి వాటిని దెయ్యపు అడవులనే పిలుస్తారు. నిప్పు వాలు మీద పైకి త్వరగా పాకుతుంది కాబట్టి కాలిన మచ్చ గుట్ట మీదికి సాగి ఉంటుంది. పెనుగాలికి కూలిన చెట్లు ఒకే దిక్కుకు తల వాల్చి పడుకుంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దాటిన తరవాత విశాఖపట్నాన్ని చూసినవారికి గాలి ఎంత పని చేయగలదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్నకు చరిత్రలో అన్నిటికంటే వింత జవాబు సైబీరియాలో దొరికింది. 1908 జూన్ 30 ఉదయం తుంగుస్కా నది ప్రాంతంలో ఆకాశంలోనే ఒక ఉల్క పేలిపోయింది. సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల మేర అడవి కూలింది. రష్యన్ శాస్త్రవేత్త లియోనిద్ కులిక్ బృందం 1927లో అక్కడికి చేరేసరికి చెట్లు కేంద్రం నుంచి బయటి వైపు తలలు పెట్టి, చక్రంలో ఆకుల్లా పడి ఉన్నాయి. అసలు ఆశ్చర్యం మధ్యలో ఉంది. సరిగ్గా పేలుడు కిందున్న చెట్లు కూలలేదు. కొమ్మలన్నీ ఊడిపోయి టెలిగ్రాఫ్ స్తంభాల్లా నిలబడే ఉన్నాయి. కారణం సులభమే. దూరాన ఉన్న చెట్టును పీడన తరంగం పక్క నుంచి తోసింది, కాబట్టి పడిపోయింది. కింద ఉన్న చెట్టును పై నుంచి నొక్కింది. నిలువు మాను నిలువు బలాన్ని తట్టుకుంది, అడ్డంగా చాచిన కొమ్మలు తట్టుకోలేకపోయాయి.

పటం గీసేవారికి ఇందులో ఒక సిద్ధమైన రణరంగం ఉంది. సాధారణంగా బల్లమీద పరిచే పటం 24 గళ్ల వెడల్పు, 36 గళ్ల పొడవు ఉంటుంది, అంటే సుమారు 36 మీటర్లు, 55 మీటర్లు. తుంగుస్కా స్థాయి వినాశనంలో ఇది చిన్న తునక మాత్రమే కాబట్టి ఈ తునకలోని మానులన్నీ దాదాపు సమాంతరంగా ఉంటాయి. పై నుంచి చూస్తే నేలమీద దువ్వెన పెట్టి దువ్వినట్టుంటుంది. ఇప్పుడు ఆట ఎలా మారుతుందో చూడండి. మానుల వెంబడి నడిస్తే 30 అడుగులకు ఆరు గళ్లు. మానులను దాటుకుంటూ అడ్డంగా పోతే కష్టభూమి నిబంధన వర్తించి మూడు గళ్లే. అడ్డంగా వచ్చే బాణం నుంచి మాను సగం రక్షణ ఇస్తుంది. వరుస వెంబడి వచ్చే బాణం నుంచి ఏ రక్షణా ఉండదు. త్వరగా పారిపోగల దారే బాణానికి ఎదురుగా ఉండే దారి. ఒక్క చుక్క నలుపు వాడకుండానే ఆటగాళ్లకు చెమటలు పడతాయి. మానులు ఏ దిక్కు నుంచి వాలాయో గమనించిన ఆటగాడికి అసలు ఆపద ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

నిలబడి ఉన్న మోడును పై నుంచి ఎలా చూపించాలి? దాని నీడతో. నీడ పొడవు సూర్యుడి ఎత్తు మీద ఆధారపడుతుంది. 5 మీటర్ల మోడుకు సూర్యుడు 60 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ 2.9 మీటర్లు, రెండు గళ్లు. సూర్యుడు 10 డిగ్రీలకు దిగితే నీడ 28 మీటర్లు, పద్దెనిమిది గళ్లకు పైగా. చుక్కగా ఉన్న చెట్టు తన కొమ్మలన్నిటితో నేలమీద పరుచుకుంటుంది. అందుకే మంచి పటాల్లో తరచూ సాయంత్రమే ఉంటుంది. నీడలన్నీ ఒకే దిక్కుకు పడాలని వేరే చెప్పక్కరలేదు గానీ, వేర్వేరు చోట్ల నుంచి చెట్ల బొమ్మలు తెచ్చి అతికించిన పటాల్లో ఇద్దరు ముగ్గురు సూర్యులు కనిపించడం మామూలే.

నీడకు ఇంకో చిక్కు ఉంది. వెలుగు పై నుంచి వస్తుందని మన మెదడు నమ్ముతుంది. కాగితం మీద ఎడమ పైమూల నుంచి వెలుగు పడినట్టు నీడలు వేస్తే గుట్ట గుట్టలాగే కనిపిస్తుంది. అదే కింది వైపు నుంచి వేస్తే గుంట గుట్టగా, గుట్ట గుంటగా తారుమారవుతాయి. చంద్రుడి బిలాల ఫొటోను తలకిందులు చేసి చూస్తే ఇది ఎవరికైనా తెలుస్తుంది. పటాల్లో ఉత్తరం పైన ఉంటుంది కాబట్టి ఈ పద్ధతిలో వెలుగు వాయవ్యం నుంచి వస్తున్నట్టు లెక్క. ఉత్తరార్ధగోళంలో చాలా దేశాల్లో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన ఉంటాడు. అయినా పటకర్తలు ప్రకృతిని కాదని కంటికే ఓటు వేశారు. సమాధి గుంటలు, కందకాలు గీసేవారు ఈ విషయంలో వారినే అనుసరించడం మంచిది. లేకపోతే తవ్విన గుంటలన్నీ అప్పడాల్లా పొంగి కనిపిస్తాయి.

బురద ధర

ఆట నిబంధనల్లో కష్టభూమికి ఒకే ధర ఉంది. ఒక అడుగు నడవడానికి రెండు అడుగుల ఖర్చు. రాళ్లయినా, పొదలైనా, ఊబి అయినా అంతే. ఇది నిబంధన రాసినవారి ఊహ మాత్రమేనా? అమెరికా సైన్యం కోసం పనిచేసిన సోల్, గోల్డ్‌మన్ అనే పరిశోధకులు 1972లో రకరకాల నేలలమీద నడకకు శరీరం ఎంత శక్తి ఖర్చు చేస్తుందో కొలిచి గుణకాలు ఇచ్చారు. తారురోడ్డును 1 అనుకుంటే మట్టిబాట 1.1, పలచటి పొదలు 1.2, దట్టమైన పొదలు 1.5, చిత్తడి నేల 1.8, వదులు ఇసుక 2.1. ఇవి వేగానికి కాక శక్తికి సంబంధించిన గుణకాలు కాబట్టి నేరుగా పోల్చకూడదు. అయినా చిత్తడికి రెట్టింపు ధర అన్న ఆట లెక్క మరీ గాలిలోంచి వచ్చినది కాదని తెలుస్తుంది. దట్టమైన పొదలకు రెట్టింపు అనడం మాత్రం కాస్త ఎక్కువే.

బురద కాలిని ఎందుకు వదలదు? తడిసిన బంకమట్టి ఒక హద్దు దాకా ఘనపదార్థంలా, ఒత్తిడి ఆ హద్దు దాటితే ద్రవంలా ప్రవర్తిస్తుంది. అడుగు వేసినప్పుడు బరువుకు లొంగి కిందికి జారనిస్తుంది. కాలు ఎత్తబోతే పాదం కింద ఏర్పడే ఖాళీలోకి గాలి వెంటనే దూరలేదు. అక్కడ పీడనం తగ్గుతుంది, బయటి వాతావరణ పీడనం పాదాన్ని పట్టి ఉంచుతుంది. వానాకాలంలో నల్లరేగడి చేనులో నడిచినవారికి ఈ పాఠం చెప్పనక్కరలేదు. పది అడుగులు వేసేసరికి చెప్పు కిలో బరువవుతుంది, ఆ తరవాత చెప్పే ఉండదు.

1415 అక్టోబరు 25న ఫ్రాన్స్‌లోని అజాన్‌కూర్ దగ్గర ఇదే బురద ఒక యుద్ధాన్ని తేల్చింది. ముందురోజు రాత్రి భారీ వాన. అప్పుడే దున్నిన పొలం. రెండు వైపులా అడవి, మధ్యలో ఇరుకు దారి. ఇనుప కవచాలు తొడిగిన ఫ్రెంచి యోధులు కాలినడకన ఆ బురద దాటి ఇంగ్లీషు విలుకాళ్ల దగ్గరికి చేరేసరికి అలసిపోయారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. సంఖ్యలో తక్కువైన ఇంగ్లీషు సేన గెలిచింది. పటంగా చూస్తే అందులో ఉన్నవి మూడే: బురద, రెండు అడవి అంచులు, వాటి మధ్య సన్నబడే ఖాళీ. పులి-మేక ఆడినవారికి ఈ కిటుకు తెలిసిందే. పులి ఎంత బలమైనదైనా గీతలు తక్కువగా కలిసే చోటికి వస్తే మేకలు దాన్ని కట్టేస్తాయి.

సాహిత్యంలో పేరుమోసిన భయానక చిత్తడి నేల కూడా నిజమైన బురదలోంచి వచ్చినదే. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, సోమ్ రణరంగంలో సిగ్నల్ అధికారిగా పనిచేశాడు. తన నవలలోని శవాల చిత్తడికి ఆ యుద్ధానంతర ఉత్తర ఫ్రాన్స్ నేల కొంత కారణమని తరవాత ఒక లేఖలో ఒప్పుకున్నాడు. ఫిరంగి గుండ్లు పడిన గుంటలు, వాటిలో నిలిచిన నీళ్లు. పై నుంచి చూస్తే గుండ్రటి మడుగుల గుంపు. గుండు పడిన గుంట గుండ్రంగా ఉంటుంది, అంచున లేచిన మట్టి గట్టు ఉంటుంది. సహజమైన మడుగుకు ఆ రెండూ ఉండవు. ఈ ఒక్క తేడా గీస్తే ఇక్కడ ఒకప్పుడు ఏం జరిగిందో మాట చెప్పకుండానే తెలుస్తుంది.

నీటి గురించి మరో చిన్న మాట. వాగులు దిగువకు పోతూ కలుస్తాయి, విడిపోవు. గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలేది డెల్టా చదునులో మాత్రమే. కొండల మధ్య వాగును రెండుగా చీల్చి గీసిన పటాలు చూసేవారిలో ఒక్క భూగోళం ఉపాధ్యాయుడున్నా ఆట ఆగిపోతుంది.

కాగడా ఎంత దూరం?

చీకటి విషయంలో ఆట లెక్క ఇది: కాగడా 20 అడుగుల దాకా మంచి వెలుగు, ఆపై ఇంకో 20 అడుగులు మసక వెలుగు ఇస్తుంది. ఆ తరవాత చీకటి. పున్నమి వెన్నెలను కూడా నిబంధనలు మసక వెలుగుగానే లెక్కిస్తాయి. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగుతాయా?

పది కొవ్వొత్తులంత, అంటే సుమారు 10 కాండెలాల కాగడా అనుకుందాం. వెలుగు తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 20 అడుగులంటే 6.1 మీటర్లు. 10ని 6.1 వర్గంతో భాగిస్తే సుమారు 0.27 లక్స్. నిర్మలమైన ఆకాశంలో నిండుచంద్రుడు నేలమీద కురిపించేది సుమారు 0.1 నుంచి 0.3 లక్స్. అంటే కాగడా మంచి వెలుగు ముగిసే గీత దగ్గర సరిగ్గా పున్నమి వెన్నెల మొదలవుతోంది! 40 అడుగుల దగ్గర వెలుగు నాలుగో వంతుకు, అంటే 0.07 లక్స్‌కు పడిపోతుంది. నిబంధన రాసినవారు ఈ లెక్క వేసినా వేయకపోయినా గీతలు సరైన చోటే పడ్డాయి.

లెక్కలోకి రానిది ఒకటుంది. కాగడా పట్టుకున్నవాడి కళ్లు ఆ మంటకు అలవాటు పడిపోతాయి. చీకటికి కన్ను పూర్తిగా సర్దుకోవాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. కాబట్టి చీకట్లో పొంచి ఉన్నవాడికి కాగడావాడు ఎంతో దూరం నుంచి కనిపిస్తాడు, కాగడావాడికి మాత్రం పొంచి ఉన్నవాడు కనిపించడు. గీసేవారు ఈ అసమానతనే వాడుకోవాలి. కాగడా లేకుండా దాటలేని చోటు, ఊబి మీద ఇరుకు గట్టు వంటిది, ఒకటి పెట్టి దాని చుట్టూ 40 అడుగులకు అవతల మోడుల గుంపులు పెడితే చాలు. అంటే ఎనిమిది గళ్లకు అవతల.

రంగుల విషయంలో ఎక్కువమంది పొరబడేది నెత్తురు దగ్గర. కంటిలో పగటి వెలుగుకు శంకు కణాలు, మసక వెలుగుకు దండ కణాలు పనిచేస్తాయి. రంగులను గుర్తించేవి శంకు కణాలే. అవి 555 నానోమీటర్ల దగ్గర, పసుపు కలిసిన ఆకుపచ్చకు, ఎక్కువ స్పందిస్తాయి. దండ కణాలు 507 నానోమీటర్ల దగ్గర, నీలం కలిసిన ఆకుపచ్చకు. ఎరుపును అవి దాదాపు చూడలేవు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో గమనించింది ఇదే. తెల్లవారుజామున ఎర్రపూలు నల్లబడి కనిపిస్తాయి, ఆకులు వాటికంటే వెలుగుతాయి. కాబట్టి వెన్నెల పటంలో నెత్తురు ఎర్రగా ఉండకూడదు, తారులా నల్లగా ఉండాలి. అలా గీసినప్పుడు అది నీరో నెత్తురో తెలియక ఆటగాడు దగ్గరికి వెళ్లి చూడవలసివస్తుంది. ఆటలో మరుగుజ్జులకు, ఎల్ఫ్‌లకు చీకట్లో చూసే శక్తి ఉంది గానీ వారికీ రంగులు తెలియవు, బూడిద ఛాయలే తెలుస్తాయి. దండ కణాల మీద ఇంతకంటే నిజాయితీ గల నిబంధన కష్టం.

వెన్నెల నీలంగా ఉంటుందన్నది కూడా కంటి మాయే. కొలిచి చూస్తే అది ఎండ కంటే కాస్త ఎరుపు వైపే ఉంటుంది. అయినా నీలి ఛాయ వేయడం తప్పు కాదు, పటాన్ని చూసేది కన్నే గానీ కొలత పరికరం కాదు.

పొగమంచు ఎక్కడ పడుకుంటుంది?

పటమంతా తెల్లటి పొర కప్పేసి పొగమంచు అనడం రెండో పెద్ద పొరపాటు. వాతావరణ శాస్త్రంలో చూపు కిలోమీటరు కంటే తగ్గితేనే పొగమంచు అంటారు. శీతాకాలంలో గంగా మైదానంలో రైళ్లను ఆపేసే అతి దట్టమైన మంచులో భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం చూపు 50 మీటర్ల లోపే. 50 మీటర్లంటే దాదాపు 33 గళ్లు. అంటే ఢిల్లీలో విమానాలను నిలిపేసే మంచులో కూడా మన పటం వెడల్పు మేర ఈ చివర నుంచి ఆ చివరకు లీలగా కనిపించవచ్చు. ఏమీ కనిపించదనే ఆట నిబంధన అంతకంటే చాలా కఠినమైనది.

చూపు ఎలా తగ్గుతుందో జర్మన్ శాస్త్రవేత్త కోష్‌మీడర్ 1924లో సూత్రం ఇచ్చాడు. వస్తువుకూ వెనకటి తెలుపుకూ ఉన్న తేడా దూరంతో ఘాతీయంగా పడిపోతుంది. చూపు 50 మీటర్లయిన మంచులో 10 మీటర్ల దూరాన ఆ తేడా 46 శాతం మిగులుతుంది, 20 మీటర్లకు 21 శాతం, 30కి 10 శాతం, 50కి 2 శాతం. మొదటి ఆరేడు గళ్లలోనే సగం పోయింది, చివరి పది గళ్లలో పోవడానికి ఏమీ మిగల్లేదు. గేమ్ మాస్టర్ దీన్ని మాటల్లో వాడుకోవచ్చు. ఆరు గళ్ల లోపలైతే ఎవరో చెప్పాలి, ఇరవై గళ్ల దూరాన ఏదో కదిలిందని మాత్రమే చెప్పాలి.

పటం మీద మంచును ఎక్కడ పరచాలో చెప్పేది దాని పుట్టుక. నిర్మలమైన రాత్రి నేల చల్లబడి, దాన్ని తాకిన గాలీ చల్లబడి బరువెక్కి పల్లానికి జారుతుంది. మంచు అక్కడే కడుతుంది. కాబట్టి మంచు అంచు కూడా సమోన్నత రేఖ వెంబడే నడుస్తుంది. గుట్టలు, గట్లు దీవుల్లా తేలతాయి. ఎత్తున నిలబడ్డవాడికి చూపు ఉంది కానీ దాపు లేదు, పల్లంలో ఉన్నవాడికి దాపు ఉంది కానీ చూపు లేదు. ఆటగాళ్లు ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఒక హెచ్చరిక: మంచు చెదరగొట్టిన వెలుగుకు దిక్కు ఉండదు, కాబట్టి మంచులో మునిగిన చెట్లకు పొడవాటి నీడలు వేయకూడదు. పొడవాటి నీడలు మంచుకు పైన తేలే గుట్టలకే.

కాగితం మీదికి దించేటప్పుడు

నేల గరుకుదనం కోసం ఇప్పుడు అందరూ వాడే కంప్యూటర్ పద్ధతి కెన్ పెర్లిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తయారుచేసినది. ట్రాన్ అనే సినిమాకు పనిచేశాక, కంప్యూటర్ బొమ్మలు మరీ నున్నగా ఉన్నాయన్న అసంతృప్తితో మొదలుపెట్టి 1985లో ప్రచురించాడు. 1997లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం అందుకున్నాడు. పెద్ద అలల మీద చిన్న అలలు, వాటి మీద ఇంకా చిన్నవి కలపడం దాని కిటుకు. సరిగ్గా ఇక్కడే భయానక పటాలు పాడవుతాయి. గడికంటే చిన్న వివరాలకు, అంటే ఎముకలు, వేళ్లు, పగుళ్లకు, ఎక్కువ కాంట్రాస్ట్ ఇస్తే అవి గళ్ల గీతలతో పోటీపడి కంటిని అలసిపోయేలా చేస్తాయి. గడికంటే పెద్దవాటికి, అంటే బురద అంచుకు, మాను వరుసకు, గుట్టకు మాత్రమే గట్టి తేడా ఉండాలి. రంగు తగ్గించవచ్చు, వెలుగు-నీడల తేడా తగ్గించకూడదు.

రంగులను నమ్ముకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో నూటికి సుమారు 8 మందికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. మన దేశంలో ఆ సంఖ్య తక్కువే కానీ సున్నా కాదు. నాచు పట్టిన నేల మీద ఎర్రటి హెచ్చరిక గుర్తు వారికి కనిపించకపోతే ఆ పాత్ర చచ్చిపోయేది ఆటగాడి తప్పు వల్ల కాదు.

దీన్ని పరీక్షించడానికి ఖరీదైన సాధనమేదీ అక్కరలేదు. 24 అంగుళాలు, 36 అంగుళాల పటానికి అంచులు పోను 16 ఏ4 కాగితాలు పడతాయి. అన్నీ ముద్రించే ముందు నడిమి కాగితం ఒక్కదాన్ని నలుపు-తెలుపులో తీసి, బల్లమీద పెట్టి, గదిలో ఒక్క దీపం ఉంచి, నిలబడి చూడాలి. నడవగల గళ్లు, నడవలేని గళ్లు, దాపు ఇచ్చే గళ్లు వేలితో చూపించగలిగితే మిగతా పదిహేను ముద్రించవచ్చు. చూపించలేకపోతే తప్పు చాలావరకు నలుపులోనే ఉంటుంది. నేలను రెండు మెట్లు తెల్లబరిచి, నీడలను అలాగే ఉంచి మళ్లీ ఒక కాగితం తీయాలి. సిరా ఖర్చు కూడా తగ్గుతుంది.